అస్మారాకు వీధిపోటు

ఆ రోజుల్లో నేను రెండు ఊళ్ళలో బతికేదాన్ని. ఉప్పల్లో చిన్నాయన ఇంట్లో పడుకుని, నాచారంలో ఒక టైర్ల షాపు మీదున్న డ్రాయింగు ఆఫీసులో కూర్చుని, మనసును మాత్రం ఆఫ్రికాలో ఎరిత్రియా అనే దేశపు రాజధాని అస్మారాలో తిప్పుకుంటూ ఉండేదాన్ని. నల్లగొండ దాటి హైదరాబాదు రావడమే అప్పటికి నా విదేశయాత్ర. ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి వీసా అక్కర్లేదనుకుంటాను, కళ్ళు తెరుచుకుని కూడా ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు.

ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి (ఆడపిల్లల సర్టిఫికెట్టు మీద కూడా అదే మాట రాస్తారు, నేనేం చేయను) ఆ ఆఫీసులో చేరాను. మా యజమానిని వెనకాల స్కేలు సార్ అనేవాళ్ళం. స్టీలు స్కేలు బల్ల మీద లేకపోతే ఆయన వీపు గోకుతూ ఉందని అర్థం. చేరిన రోజే చెప్పేశాడు, "మూడు నెలలు సూస్తనమ్మా. పని నచ్చితే ఉంటవ్. లేకుంటే మీ నాయినకు ఫోన్ జేస్త." ఆ ఫోన్ వస్తే మా నాన్న నన్ను ఊళ్ళో కుట్టుమిషను ముందు కూర్చోబెడతానని బస్సెక్కించేటప్పుడే చెప్పాడు. నాకు సూదిలో దారం ఎక్కించడం ఇప్పటికీ రాదు. కాబట్టి ఆ మూడు నెలలూ నేను స్కేలు సార్ ముఖం చూసే ఊపిరి పీల్చాను.

పొద్దున పూట నారపల్లి వెంచర్లలో ప్లాట్లు కొన్నవాళ్ళకు ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళం. మధ్యాహ్నం నుంచి అస్మారా. యాత్రికులు చేతిలో పట్టుకుని వీధివీధీ నడిచి, పాత భవనాలు చూసుకోవడానికి ఎవరో ఒక పుస్తకం వేస్తున్నారు. పాత నక్షాలు, ఫొటోలు పంపితే మేము కంప్యూటర్లో శుభ్రంగా గీసి పంపాలి. ఆ భవనాలను ఎప్పుడో ఇటలీ వాళ్ళు కట్టారట. మూలలు మూలల్లా ఉండవు, చేత్తో నిమిరినట్టు గుండ్రంగా తిరుగుతాయి. విమానం ఆకారంలో ఒక పెట్రోలు బంకు కూడా ఉంది, రెండు వైపులా పొడుగాటి రెక్కలు, కింద ఒక్క స్తంభం లేదు. స్కేలు సార్ దాన్ని చూసి కంగారుపడిపోయాడు. "రెండు పిల్లర్లేసి పంపుదామా? రేపు కూలితే మన పేరొస్తది." అది కూలకుండా డెబ్బై ఏళ్ళు గడిచిపోయిందని చెబితే, "మన టైం మంచిగలేకుంటే గిప్పుడే కూలొచ్చు" అన్నాడు.

ఆ బొమ్మలు గీసి గీసి ఆ ఊరు నాకు అరచేతిలోకి వచ్చేసింది. హబ్సిగూడలో బస్సు దిగి నాచారం దాకా నడిచేదాన్ని. లారీల దుమ్ములో ఈతచెట్ల లాంటి పొడుగాటి చెట్లు వరసగా మొలిచేవి. ఇనుప సామాన్ల గోదాం పోయి కాఫీ దుకాణం వచ్చేది, ఫ్యాక్టరీ గోడ పోయి సినిమా హాలు వచ్చేది. "కుడివైపున మీరు చూస్తున్నది..." అని లోలోపలే ఇంగ్లీషులో చెప్పుకుంటూ, నా వెనక పదిమంది యాత్రికులు టోపీలు పెట్టుకుని వస్తున్నట్టు మెల్లగా నడిచేదాన్ని. ఆటోవాళ్ళు హారన్ కొడితే యాత్రికులు చెదిరిపోయేవారు. మళ్ళీ పోగుచేసుకునేదాన్ని. అంత సుఖంగా నేను తర్వాత ఏ ఊళ్ళోనూ నడవలేదు.

ఇంత ప్రేమ ఉండబట్టే కొంప మునిగింది. ఒక నక్షాలో పొడుగాటి వీధి ఒకటి సూటిగా వచ్చి పాత నాటకశాల గుమ్మానికి తగులుతోంది. అంటే వీధిపోటు! మా చిన్నాయన నారపల్లిలో సరిగ్గా అలాంటి ప్లాటే కొని, వారం తిరక్కముందే స్కూటరు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. (ఆ స్కూటరుకు బ్రేకులు లేవన్న సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.) నారపల్లి ప్లాన్లలో ఇలాంటిది కనబడితే గేటు పక్కకు జరపడం మాకు రోజూ చేసే పని. నా అస్మారాను చూస్తూ చూస్తూ అలా వదిలేయడానికి మనసొప్పలేదు. నాటకశాలను కదపలేను కదా, అందుకని వీధి కొసను కొద్దిగా, చాలా కొద్దిగా, ఎడమకు వంచాను. ఆ ఊరికి మేలు చేశానన్న తృప్తితో ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మూడో నెల చివర్లో ఆ పుస్తకం వేస్తున్న పెద్దాయనే వచ్చాడు. అస్మారాలోనే పుట్టి పెరిగినవాడు, తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు. ఏదో పని మీద హైదరాబాదు వచ్చి మా మెట్లెక్కాడు. చేతిలో మా నక్షా. దాన్ని పట్టుకుని పదిమందిని నడిపించి చూశాడట, అందరూ నాటకశాల దగ్గర ఎడమకు తిరిగి, ఎవరింటి పెరట్లోనో బట్టలు ఆరేస్తున్న ఆవిడ ముందు తేలారట.

స్కేలు సార్ నావైపు తిరిగాడు. "గీ రోడ్డు వంకర ఎవరు జేసిన్రు?"

"నేనే సార్. వీధిపోటుందని..."

నాటకశాలకు నేను తప్పించిన పోటు సూటిగా నాకే తగిలిందని అర్థమైంది. సార్ చెమట తుడుచుకుంటూ పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పబోయాడు, "రోడ్ ఈజ్ హిట్టింగ్ హౌస్, సార్." ఆయన భయపడి, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగాడు. ఇక ఎలాగూ కుట్టుమిషనే అనుకున్నాక నాకు ధైర్యం వచ్చింది. "రండి సార్, చూపిస్తాను" అన్నాను.

ఆఫీసు వెనక కాలనీలోకి తీసుకెళ్ళాను. నిజం చెప్పాలంటే, నా జీవితంలో నేను నడిపించిన యాత్ర అదొక్కటే. వెనక ఇద్దరే యాత్రికులు, అందులో ఒకరు స్కేలు పట్టుకుని ఉన్నారు. మొదటి గల్లీ చివర ఇంటి గేటు బెదిరినట్టు ఒక మూలకు జరిగి ఉంది. రెండో గల్లీ చివర గోడలో చిన్న గూడు, గూట్లో వినాయకుడు, పసుపు, మందారపువ్వు. వచ్చే వీధినంతా ఈయనే ఆపుతాడని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన వెనక్కి తిరిగి, మేము నడిచొచ్చిన గల్లీని ఆ కొసదాకా చూశాడు. తమ ఊళ్ళో వీధి గీసేముందే దాని చివర ఏం కనబడాలో ఆలోచిస్తారని చెప్పాడు. నడిచేవాడి చూపు ఎక్కడో ఒకచోట ఆగాలి, అందుకే నాటకశాలను అక్కడ కట్టారు. తర్వాత వినాయకుడి వైపు చూసి, "మీరు ఈయన్ను పెట్టారు. చూపు ఆగింది కదా" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అంత అందం కోసం గీసిన గీతను నేను జాలిపడి వంచేశాను.

సాయంత్రం ఆయన ముందే కూర్చుని వీధిని మళ్ళీ సూటిగా చేశాను. ఆయన వెళ్ళాక స్కేలు సార్ స్కేలుతో బల్ల మీద కొట్టాడు. "రేపటి సంది రోడ్ల జోలికి పోకు. ఇండ్లే గియ్యి." తిట్టు తిట్టులాగే తీసుకుని మెట్లు దిగాను. టైర్ల షాపు దాటాక గాని తట్టలేదు, రేపటి సంది అన్నాడంటే నాకు రేపు ఉందని. అక్కడే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను.

పెద్దాయన వెళ్తూ, అస్మారా వస్తే దగ్గరుండి నడిపిస్తానన్నాడు. ఎవరైనా మర్యాదకు అనే మాటే. నేను మాత్రం మొదటి పూర్తి జీతం రాగానే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షాపుకెళ్ళి కాన్వాసు బూట్లు బేరమాడాను. అస్మారా ఇప్పటికీ చూడలేదు. ఆ బూట్లు నాచారం రోడ్డు మీదే అరిగిపోయాయి. కానీ ఆ రోజు షాపులో బూట్లు తొడుక్కుని అటూ ఇటూ నడిచి, "అడుగు మెత్తగుండాలె అన్నా, రాళ్ళు పరిచిన వీధుల తిరగాలె" అని ఎంతో సీరియస్‌గా చెప్పిన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. షాపతను లేసులు కడుతూ అడిగాడు, "గసుంటి రోడ్డు ఏడుందమ్మా, రామంతపూర్లనా?"

"ఇంకా జర ముందటికి, అన్నా" అని చెప్పాను.