శ్రావణి ఫారంలో రాసిన ఊరు

మార్చిలో ఓ ఉదయం సత్యం ఫోన్ చేశాడు. "అన్నా, పాపకి ఎంబీఏ ఇంటర్వ్యూ పడింది. ఎల్లుండే. నువ్వొచ్చి దాన్ని కాసేపు ప్రశ్నలడుగు. నలభై ఏళ్లు నీ పని అదేగా" అన్నాడు.

సత్యం వర్ని దగ్గర ఓ క్యాంపులో రైతు. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొన్నవాళ్లు కట్టుకున్న ఊళ్లను మా వైపు క్యాంపులనే అంటారు. నేను విలేకరిగా ఉన్నప్పుడు కాలువ నీళ్ల కబుర్లన్నీ అతనే చేరవేసేవాడు. అతని కూతురు శ్రావణి కిందటేడూ రాత పరీక్ష నెగ్గి ఇంటర్వ్యూలో పోయింది. ఈసారీ రాకపోతే మళ్లీ రాయనని ఇంట్లో చెప్పేసిందట.

మర్నాడు తొమ్మిదింటికి నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కాను. బస్సు నిండా ఉచిత టికెట్ల ఆడవాళ్లే. కండక్టర్ నా దగ్గరికొచ్చి, "మీరొక్కరు దొరికిన్రు సార్ పైసలిచ్చేటోళ్లు" అని నవ్వాడు. పక్క సీటులో నవీపేటావిడ, "ఇయ్యనీ, ఇన్నేండ్లు మేం ఇయ్యలేదా?" అని అందుకుంది.

పదింటికి బోధన్. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గొట్టాన్ని చూడగానే తల తిప్పి చెరకు ఎడ్లబళ్ల వరస కోసం వెతకడం నాకు పాత అలవాటు. ఇప్పుడక్కడ వరుసగా ఉన్నవి ఆటోలు. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, వర్ని బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా పచ్చటి వరి. చెరకు అక్కడక్కడా ఓ మడి. వర్ని నుంచి షేర్ ఆటోలో చందూర్ దారిన క్యాంపు చేరేసరికి పదకొండున్నర.

వరండాలో సత్యం తండ్రి వెంకటరత్నం గారు ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నారు, ఇంటర్వ్యూ ఆయనకే అన్నట్టు. ఎదురుగా కుర్చీలో శ్రావణి. మొదటి ప్రశ్నగా అందరూ అడిగేదే అడిగాను, "మీ ఊరి గురించి చెప్పమ్మా."

"మాది గుంటూరు జిల్లా, తెనాలి అవతల..." అని మొదలుపెట్టి, వరి తర్వాత మినుములు వేస్తారనీ, కృష్ణా కాలువ పారుతుందనీ గబగబా ఒప్పజెప్పింది.

"కాలువ ఊరికి ఎటువైపు?"

శ్రావణి తాతవైపు చూసింది.

"తూర్పు" అన్నారాయన. మళ్లీ ఆయనే, "పడమరేమోనండి. మేం ఇటొచ్చేటప్పటికి నాకు అయిదేళ్లు" అన్నారు.

సంగతి బయటపడింది. ఫారంలో స్వస్థలం అన్న గడి దగ్గర తాత పక్కనే కూర్చుని తన పుట్టిన ఊరు రాయించారు. ఆ ఊరు శ్రావణి ఎన్నడూ చూడలేదు. పంపిన ఫారం దిద్దడానికి లేదు. కిందటేడు బోర్డు అడిగింది ఆ ఊరి గురించే. నాలుగు మాటలకే ఆమెకు తెలిసింది అయిపోయింది.

"మరి ఈసారీ అదే ఎందుకు రాశావు?"

"తాతయ్య రెండ్రోజులు అన్నం తిననన్నారు అంకుల్."

"ఒక్క పూటే" అన్నారు వెంకటరత్నం గారు.

భోజనంలో గోంగూర పచ్చడీ జొన్నరొట్టే రెండూ ఉన్నాయి. ఎండ తగ్గాక శ్రావణి పొలం చూపించడానికి తీసుకెళ్లింది. దారిలో ఆమె ఫోన్ మోగుతూనే ఉంది. కోతకు ఇంకా నెల ఉండగానే కోత మిషన్ వంతుల కోసం రైతులు అడుగుతున్నారు. రెండేళ్లుగా క్యాంపులో ఎవరి చేను ఎప్పుడు కోయాలో ఆ అమ్మాయే చెబుతోందట.

"ఇది ఫారంలో రాశావా?"

"ఇదేం రాస్తాం అంకుల్, ఇంటిపనేగా."

రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారకముందే సత్యం కారులో నిజామాబాద్ స్టేషన్ చేరాం. సత్యం దింపి వెనక్కెళ్లాడు. కాచిగూడ రైలెక్కింది ముగ్గురం. పెద్దాయన వద్దన్నా వచ్చారు. కామారెడ్డి దాటాక, కిటికీలోంచి చూస్తూనే మనవరాలితో అన్నారు. "నువ్వు చూసిన ఊరే చెప్పుకో."

హైదరాబాదులో ఇంటర్వ్యూ పన్నెండింటికి. మేమిద్దరం కాలేజీకి ఎదురుగా ఇరానీ హోటల్లో రెండేసి చాయ్‌లు తాగాం. ఒంటిగంటకు శ్రావణి వచ్చి కూర్చుంది. వెళ్లగానే, "ఫారంలో ఉన్నది మా తాతయ్య ఊరు సార్, నాది వర్ని దగ్గర క్యాంపు" అని చెప్పేసిందట. క్యాంపంటే ఏమిటన్నారు. అక్కణ్నుంచి మాట కోత మిషన్ మీదికి పోయింది.

"ముందు ఎవరి చేను కోస్తావన్నారు. రోడ్డు పక్కది సార్, కోయని చేలోంచి మిషన్ లోపలికి పోదు అన్నాను. మీ తాతగారు ముందు నాదే కోయమంటే? అన్నారు."

"ఏం చెప్పావ్?" పెద్దాయన కప్పు కింద పెట్టారు.

"ఆయన చేను లోపలుంది సార్, ఆగాలి అన్నాను. అందరూ నవ్వారు."

"అందుకా పోయినేడు నన్ను మూడ్రోజులు ఆపావు!"

సీటు వచ్చిన సంగతి మూడు వారాలకు తెలిసింది. ఆ సాయంత్రం తిరుగు రైల్లో మాత్రం మాకేమీ తెలియదు. అయినా ముగ్గురికీ ఆకలి బాగా వేసింది, దాన్ని నేను మంచి గుర్తుగానే తీసుకున్నాను. మా దారిన ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు నేను చెప్పగలిగింది, పొద్దుటి రైలు సరిపోతుందనీ, అడిగితే దారి చెప్పగలిగిన ఊరినే తమ ఊరిగా రాయమనీ.

ఎదురు సీటులో బాసరకు పోతున్న అవ్వ జామకాయలు కోసి ఉప్పూ కారం అద్ది మాకిచ్చింది. వెంకటరత్నం గారిని అడిగింది, "ఏ ఊరు పెద్దాయనా మీది?"

శ్రావణి ఫోన్ లోంచి తలెత్తింది. ఆయన ముక్క నమిలి మింగేదాకా ఆగారు.

"వర్ని దగ్గర క్యాంపమ్మా."

"ఎన్నేండ్లాయె?"

"డెబ్బై."

"డెబ్బై ఏండ్లుండి ఇంకా గా మాటేందయ్యా? గుంటూరోని లెక్కనే మాట్లాడుతున్నవ్!"

"మా చేను లోపలుందిలే అమ్మా" అన్నారాయన, ఇంకో జామముక్క అందుకుంటూ. "కొంచెం ఆగాలి."