పెద్దాయన కోసం మొక్కిన వ్రతం

మా అత్తయ్య ఒక రేసు డ్రైవర్ కోసం సత్యనారాయణ వ్రతం చేయించారు. ఈ సంగతి మా ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఆయన లెక్కలో అది గ్రీన్ కార్డ్ వ్రతం. ఇక్కడి తెలుగువాళ్లందరి లెక్కలోనూ అంతే. అసలు విషయం తెలిసింది అత్తయ్యకి, నాకు, ఆ స్వామికి.

మేముండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఇక్కడ మనవాళ్లు రెండు రకాలు. కార్లు చేసేవాళ్లు, కార్ల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. నేను మొదటి రకం, బ్రేకులు డిజైన్ చేస్తాను. మా ఆయన రెండో రకం. బ్రేకు గురించి ఆయనకి తెలిసిందల్లా దానిమీద కాలు వెయ్యాలని, అది కూడా పక్క సీట్లోంచి నేను అరిస్తేనే.

యూరప్‌లో మధ్యాహ్నం జరిగే రేసు మాకు ఆదివారం పొద్దున కాఫీ వేళకి వస్తుంది. ఇల్లంతా నిద్రపోతుంటే సోఫాలో కాళ్లు ముడుచుకుని ఒక్కదాన్నే చూసేదాన్ని. వారం మొత్తంలో నాదంటూ ఉన్న టైము అదొక్కటే. ఆ టైములోకి వచ్చి కూర్చున్నారు అత్తయ్య. ఆరు నెలలకని వచ్చి, కరోనా పుణ్యమా అని విమానాలు కుదరక, వీసా ఎక్స్‌టెండ్ చేయించుకుని ఉండిపోయారు ఆవిడ.

"వీళ్లు ఎక్కడికి వెళ్తున్నారమ్మాయ్?" అన్నారు మొదటిరోజు, టీవీలో కార్లని చూసి.

"ఎక్కడికీ వెళ్లరత్తయ్యా. అక్కడే గుండ్రంగా తిరుగుతారు."

"మరి అంత తొందర దేనికి?"

లేచి ఆవిడకీ ఒక కాఫీ కలుపుకొచ్చాను.

అప్పటిదాకా మా ఇద్దరి మధ్య మాటలు "ఉప్పు సరిపోయిందా", "డ్రయ్యర్‌లో బట్టలు తీశావా" దగ్గరే ఆగిపోయేవి. ఆవిడ తెనాలిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పరీక్ష హాల్లో బెల్లు కొట్టాక ఇంకో అక్షరం రాస్తే పేపర్ లాగేసేవారట, సొంత కొడుకు పేపరైనా సరే. నాకు ఆవిడంటే భయం. నేనంటే ఆవిడకి ఏమిటో నాకు తెలిసేది కాదు.

ఆవిడని పట్టేసింది కార్ల వేగం కాదు, పెనాల్టీలు. గీత దాటితే ఐదు సెకన్లు, ఎదుటివాణ్ని నెడితే పది సెకన్లు. "అబ్బ! తప్పు చేసినవాడికి అప్పటికప్పుడే శిక్ష వేస్తున్నారే!" అని మురిసిపోయారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ కలలుగన్న విద్యావిధానం అది. కొన్ని వారాలకల్లా రెండు కాఫీలు కలిపి, నాకంటే ముందే సోఫాలో ఉండేవారు.

ఆ ఏడు సీజన్ కూడా అలాంటిది. అంత పోటీ మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు. ఒకడు అప్పటికే కప్పుల మీద కప్పులు గెలిచినవాడు, ఇంకొకడు దూకుడు తప్ప ఇంకోటి తెలియని కుర్రాడు. ఒక వారం ఈయన, ఇంకో వారం ఆయన. అత్తయ్య వాళ్లకి పెద్దాయన, చిన్నోడు అని పేర్లు పెట్టేశారు. కామెంటరీలో ఎవరో పెద్దాయనకి వయసు మీద పడుతోందన్నారు. నేను తెలుగులో చెప్పానో లేదో అత్తయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "వయసైపోయిందని చెప్పడానికి వీళ్లెవరమ్మా? నన్నూ ఇలాగే అన్నారు. మెళ్లో దండేసి, శాలువా కప్పి, గేటు దాకా సాగనంపారు. ఇంకో పదేళ్లు పాఠాలు చెప్పగలను నేను!" ఆ రోజు నుంచీ ఆవిడ పెద్దాయన మనిషి. ఆయనా చిన్నోడూ గుద్దుకున్న రోజున ఉప్మా కూడా ముట్టుకోలేదు.

సీజన్ చివరికొచ్చింది. ఒక రేసులో పెద్దాయనకి పెనాల్టీ పడి వెనక్కి నెట్టేశారు. అక్కణ్నించి ఒక్కొక్కణ్నే దాటుకుంటూ వస్తున్నాడు. నేను గోళ్లు కొరుక్కుంటున్నాను. పక్కకి చూస్తే అత్తయ్య కళ్లు మూసుకుని, చేతులు జోడించి ఉన్నారు. "స్వామీ, ఈ ఒక్కటీ గెలిపించు. ఈ ఇంట్లో నీ వ్రతం చేయిస్తాను."

గెలిచాడు. ఇద్దరం లేచి గంతులేశాం. ఆవిడ మోకాళ్లకి ఆ గంతు వారం రోజులు గుర్తుంది.

వ్రతమంటే ఇంటి యజమాని పీటల మీద కూర్చోవాలి. మా ఆయనకి అసలు కారణం చెబుదామా అంటే అత్తయ్య నోటిమీద వేలేసుకున్నారు. "వాడికా? మధ్యాహ్నానికల్లా వాట్సాప్‌లో పెడతాడు." అందుకని ఇంటికి మంచిదని చెప్పాం. ఆయన అలాగేనన్నాడు. ఆ వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, వచ్చే వారం అన్నాడు. వచ్చే వారం థాంక్స్‌గివింగ్ సేల్‌లో టీవీ కొనాలన్నాడు. ఆ తర్వాత వారం కార్‌కి స్నో టైర్లు వేయించాలన్నాడు. సత్యనారాయణ వ్రతకథలో షావుకారు సరిగ్గా ఇదే చేస్తాడు. సంతానం కలగనీ అంటాడు, పిల్ల పెళ్లి కానీ అంటాడు, వాయిదా వేసి వేసి మొత్తం పోగొట్టుకుంటాడు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అనలేదమ్మా," అన్నారు అత్తయ్య, కొడుకు వంక చూస్తూ. ఆయన టీవీ కొలతలు చూసుకుంటున్నాడు.

ఇంతలో జరగకూడనిది జరిగింది. అన్ని దేశాలు తిరిగి, అన్ని రేసులు పరిగెత్తి, ఆఖరి రేసుకి వచ్చేసరికి ఇద్దరి పాయింట్లూ సమానం. ఎవరు ముందొస్తే వాళ్లదే కప్పు. ప్రపంచమంతా ఆహా అంది. అత్తయ్య మొహం మాత్రం పాలిపోయింది. "మొక్కు తీర్చలేదు. అందుకే జారుతున్నాడు. ఆఖరి రేసు అయ్యేలోపు వ్రతం అయిపోవాలి."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆవిడ అప్పటికే పూజసామాన్ల లిస్టు రాసుకుంటున్నారు.

పంతులుగారికి ఫోన్ చేశాను. ఈ ఊళ్లో డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ దొరుకుతుంది గానీ పంతులుగారి స్లాట్ దొరకదు. శనివారం మొత్తం బుక్ అయిపోయిందట. "ఆదివారం ఎనిమిదింటికి రాగలనమ్మా. పదకొండింటికి నోవైలో గృహప్రవేశం ఉంది." ఆదివారం ఎనిమిదింటికే రేసు మొదలు. ఫోన్ చేత్తో మూసి అత్తయ్యకి చెప్పాను. సీజన్ మొత్తం ఒక్క రేసు వదలని మనిషి. "రమ్మను. నేను చూడకపోతే ఏం, ఆయన గెలిస్తే చాలు."

మా ఆయన మాత్రం ఈసారి వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకో ఆదివారం పొద్దున తెలిసింది. ఈ వంకతో ఫ్రెండ్స్‌ని పిలిచి, బేస్‌మెంట్‌లో కొత్త టీవీ మీద రేసు పెట్టాడు. లాక్‌డౌన్‌లో ఏదో సిరీస్ చూసి, పొద్దున లేచి ఒక్క రేసూ చూడకుండానే రేసు ఫ్యాన్స్ అయిపోయిన బ్యాచ్ అది. చిన్నోడి టీమ్ టీషర్ట్ మీద పట్టుకండువా వేసుకొచ్చాడు ఒకాయన. ప్రసాదం కోసం గోధుమరవ్వ వేయిస్తున్న నా దగ్గరికొచ్చి, "వదినా, మీకు సమజ్ కాదు గానీ, బ్రేక్ అంటే ఊకే ఆపుడు కాదు, అదొక ఆర్ట్," అన్నాడు. గరిట గట్టిగా పట్టుకున్నాను. ఆయన నడిపే కార్లో బ్రేకులు నేను డిజైన్ చేసినవే. ఆ సంగతి ఆయనకి చెప్పి ఆదివారం పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను.

ఆడవాళ్లు పైన, మగవాళ్లు కింద. వచ్చిన ఆంటీలందరిదీ ఒకటే ప్రశ్న. "గ్రీన్ కార్డ్ కోసమా?" ఇంటికి మంచిదంటే అదే అనుకుని మా ఆయనే అందరికీ అలా చెప్పుకున్నాడు. ఇక్కడ మనం ఏ దేవుడికి ఏ పూజ చేసినా ఏళ్లతరబడి కదలని ఆ కార్డు క్యూ కోసమే అనుకుంటారు. అత్తయ్య గుంభనంగా తలూపారు.

పూజ మొదలైంది. గణపతి అయ్యాడు, నవగ్రహాలు అయ్యాయి. పక్కన మా ఆయన కండువా కింద ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. కింద నుంచి మూకుమ్మడిగా ఒక నిట్టూర్పు వినిపించింది. చిన్నోడి అభిమానులు నిట్టూర్చారంటే పెద్దాయన ముందున్నాడన్నమాట. అత్తయ్య వంక చూశాను. ఆవిడ కూడా అదే లెక్క వేసుకున్నారు. చాటంత మొహం అయింది.

రెండో అధ్యాయం అయ్యాక పంతులుగారు వాచ్ చూసుకున్నారు. "అమ్మా, మిగతా మూడూ సారాంశం చెప్పేసి హారతి ఇచ్చేద్దామా? ఈమధ్య అందరూ అదే అడుగుతున్నారు."

నా గుండె ఎగిరి గంతేసింది. ఇప్పుడు హారతి అయిపోతే రేసులో ఆఖరి చుట్లు, ఆ ల్యాపులైనా చూడొచ్చు! ఇద్దరం కిందకి పరిగెత్తొచ్చు. అత్తయ్య వంక చూసి కళ్లతోనే బతిమాలాను, సరేననండి, సరేననండి. ఆవిడ కళ్లు ఒక్క క్షణం బేస్‌మెంట్ మెట్ల మీదకి వెళ్లాయి. ఎంత చూడాలనుందో ఆ చూపులోనే తెలిసింది. తర్వాత పంతులుగారి వైపు తిరిగారు.

"వద్దండీ. ఐదు అధ్యాయాలూ చదవండి. అక్షరం పోకూడదు."

నాలుగో అధ్యాయం మొదలవగానే మా ఆయన నా చెవిలో "ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అని లేచి కిందకి పోయాడు. ప్రసాదం పుచ్చుకోకుండా లేచిపోయిన షావుకారు కూతురి కథ అప్పుడే చదువుతున్నారు పంతులుగారు. రేవులోకి వచ్చిన ఓడ ఆమె కళ్లముందే మునిగిపోయింది. అత్తయ్య చేతిలో అక్షింతలు నలిగిపోయాయి.

ఐదో అధ్యాయం కూడా అయింది. హారతి వెలిగించి గంట కొడుతున్నాం. కింద ఇల్లు ఎగిరిపోయేంత అరుపు! మా ఆయన మెట్లు మూడేసి చొప్పున ఎక్కి వచ్చాడు. "గెలిచాం! వచ్చేసింది! ఆఖరి నిమిషంలో వచ్చేసింది!"

ఆంటీలు ఒక్కసారిగా లేచారు. గ్రీన్ కార్డ్ వచ్చేసిందని ఒకావిడ నన్ను కౌగిలించుకుంది. ఇంకొకావిడ "చూశారా, ఇంకా హారతి కూడా అవలేదు, స్వామి ఎంత సత్యమైనవాడో!" అని కళ్లొత్తుకుంది. పంతులుగారు కూడా కాస్త ఛాతీ విరుచుకున్నారు. కాదు, కార్ల రేసులో చిన్నోడు గెలిచాడని మా ఆయన చెప్పేసరికి నన్ను పట్టుకున్నావిడ కౌగిలి ఠక్కున వదిలేసింది.

హారతి పళ్లెం అత్తయ్య చేతిలో ఉంది. కళ్లలో నీళ్లు. భక్తి అనుకున్నారు అందరూ.

భోజనాలయ్యాయి. మా ఆయన బ్యాచ్ బిర్యానీ వాసన లేని భోజనం మొహమాటానికి తిని, రేసు గురించి ఒకరికొకరు పాఠాలు చెప్పుకుని వెళ్లిపోయింది. ఈ గొడవలో ఆయన ప్రసాదం సంగతే మర్చిపోయి, పైకెళ్లి పడుకున్నాడు.

సాయంత్రం అత్తయ్య ప్రసాదం గిన్నె తెచ్చుకుని సోఫాలో కూర్చున్నారు. "పెట్టు," అన్నారు. రికార్డయిన రేసు మొదట్నుంచీ పెట్టాను. పెద్దాయన మొదటి మలుపులోనే ముందుకొచ్చేశాడు. రేసంతా అందనంత దూరంలో ఉన్నాడు. ఇంకొన్ని ల్యాపులే ఉన్నాయనగా వెనకెక్కడో ఒక కారు గోడకి కొట్టుకుంది. సేఫ్టీ కార్ వచ్చింది. దాని వెనకాల అందరూ నెమ్మదిగా, వరసగా నడపాలి. అంతదూరం సంపాదించిన ఆధిక్యం హారతి కర్పూరంలా కరిగిపోయింది. అయినా పెద్దాయనకీ చిన్నోడికీ మధ్య ఒక ల్యాప్, అంటే ఒక చుట్టు వెనకబడ్డ కార్లు కొన్ని అడ్డంగా ఉన్నాయి.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు అత్తయ్య.

"వెనకబడ్డ కార్లన్నిటినీ ముందుకి పంపెయ్యాలి. తర్వాత ఇంకో ల్యాప్ ఆగి అప్పుడు రేసు వదలాలి. నాకు తెలిసిన రూలు అదీ అత్తయ్యా. కానీ అలా చేస్తే ల్యాపులు అయిపోతాయి, రేసు ఇలాగే ముగిసిపోతుంది."

"పెద్దాయనే గెలుస్తాడు."

"గెలుస్తాడు. అందుకని ఆ ఇద్దరి మధ్య ఉన్నవాటినే పంపించి, మిగతావాటిని వదిలేసి, ఒక్క ల్యాప్ కోసం రేసు మొదలుపెట్టేశారు. చిన్నోడివి అప్పుడే మార్చిన కొత్త టైర్లు, పెద్దాయనవి అరిగిపోయినవి."

క్యూలో ఉన్నవాళ్లలో కొందరినే ముందుకి పంపడం మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. కానీ ఆవిడకి నేను ఆ మాట చెప్పలేదు. చిన్నోడు దాటేశాడు. అత్తయ్య కదలకుండా చూశారు. టీవీ ఆపేశాను.

"మనం ఒక్క అధ్యాయం కూడా వదల్లేదు కదమ్మాయ్?"

"వదల్లేదత్తయ్యా."

"అక్షరం పోలేదుగా?"

"పోలేదు."

"మరి వాళ్లెలా వదిలేశారు?" అన్నారు. సొంత కొడుకు పేపర్ లాక్కున్న మనిషి చిన్నపిల్లలా ఏడ్చేశారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతవరకు ఎప్పుడూ పట్టుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

అంతలో మా ఆయన నిద్ర లేచి ఆవులిస్తూ దిగాడు. "అమ్మా, ఇందాక తినడం మర్చిపోయా. ప్రసాదం ఏమైనా ఉందా?"

అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. ఒళ్లో ఉన్న నిండు గిన్నె మీద చీరకొంగు కప్పారు.

"అయిపోయింది నాయనా," అన్నారు.