భోజనాలు రెడీ అన్నది నేనే

ఇన్నేళ్లుగా ఈ సంగతిని నవ్వులాటగా చెప్పుకుంటూ వచ్చాను. గొంతులో ముల్లులా అడ్డం పడ్డదాన్ని నవ్వుతో మింగేయాలని చూశాను, దిగలేదు. మీరు నన్నెరుగరు గనుక మీకు చెబుతున్నాను.

అవి ఐటీ వాళ్ల కాళ్లు నేలమీద ఆనని రోజులు. కంప్యూటర్ కోర్సు చేసినవాడల్లా సింగపూర్‌లో దిగేవాడు. నేనూ అలా దిగినవాణ్నే. జురాంగ్ ఈస్ట్‌లో అద్దె ఫ్లాటు, మెడలో ఆఫీసు కార్డు. ఆదివారం కూడా తీసేవాణ్ని కాను. ఎంత చవకబారు మనిషినో చూడండి.

ఉగాదికి సెంబవాంగ్‌లో ఒక హాలు తీసుకున్నాం. మైకు పెత్తనం నాది. అప్పన్న అని, మలేషియా రబ్బరు ఎస్టేటులో పుట్టిన తెలుగువాడు, షిప్‌యార్డు ఆఫీసులో పనిచేసేవాడు, కచేరీ చేస్తానని వచ్చాడు. బాంజో, మాండలిన్, ఫిడేలు, మౌత్ ఆర్గన్ అన్నీ తనే వాయిస్తాడు. ఓడల్లో వచ్చిన అమెరికా నావికుల దగ్గర వాళ్ల కొండ ఊళ్ల పాటలు నేర్చుకున్నాడట. ఎస్టేటు తెలుగుకి ఓడరేవు సంగీతమని నేను వెక్కిరిస్తే మావాళ్లు పడీపడీ నవ్వారు.

అతనికి ముందు నేను పాడాను. క్యాసెట్టులో మ్యూజిక్ పెట్టుకుని సినిమా పాట. జనం కబుర్లు ఆపలేదు. తర్వాత అప్పన్న బాంజో మీటాడు. హాలంతా నోరు మూసుకుని వింది. చివరికి మిగిలింది ఒక్క పాట, వాళ్లమ్మ రబ్బరు తోటలో పనిచేస్తూ పాడుకున్నది. ఆవిడను సరిహద్దు అవతల జొహోర్ నుంచి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు తన పాట వింటుంటే చూడాలని ఆవిడ ఆశ. ఆ మాట అతను నాకు ముందే చెప్పాడు.

అతను తీగలు సవరించుకుంటుండగా మైకులో అన్నాను. "భోజనాలు రెడీ అండీ. అందరూ కిందికి రావచ్చు."

మన సభల్లో ఆ మాటకున్న బలం మీకు తెలుసుగా? హాలు ఖాళీ. అసలు భోజనాలు ఇంకా రానేలేదు. అయినా ఖాళీ బల్లల ముందు క్యూ కట్టినవాళ్లలో ఒక్క ఇంజినీరూ వెనక్కి రాలేదు. టిష్యూ ప్యాకెట్టు పెట్టి కుర్చీ చోప్ చేసుకునే, అంటే ముందే పట్టేసుకునే ఊళ్లో వరసలో చోటెవడు వదులుకుంటాడు? పాట పోతే పోయింది, బిర్యానీ ముఖ్యం. నేనూ ఆ బాపతే, వాళ్లకంటే నీచుణ్ని.

అప్పన్న నా దగ్గరికొచ్చాడు. "ఏం తమ్ముడూ, ఒక్క పాటే కదా ఉండాది?"

"కేటరర్ తొందరపెట్టాడండీ," అన్నాను.

"పోనీలేరా. పిల్లలకి ఆకలేసుంటాది, పాపం," అంది వాళ్లమ్మ. అప్పన్న బాంజోను పెట్టెలో పెట్టేశాడు.

కేటరర్ చెప్పిన టైముకే వచ్చాడు. ఆలస్యమని అందరూ అతన్నే తిట్టారు. నేనూ తిట్టాను.

ఎందుకు చేశాను? అతని యాస మోటుగా ఉందనా? టైము దాటుతోందనా? ఎన్ని సాకులు వెతుక్కున్నానో, ఒక్కటీ నిలబడదు. నా పాట వినని జనం అతని పాట విన్నారు. కడుపు మండింది. అంతే.

ఆవిడ పోయిందని తర్వాత విన్నాను. అప్పన్న ఈ ఊళ్లోనే, టోవా పాయోలో ఉంటున్నాడు. నేను ఆ వైపు రైలెక్కను. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను. చెప్పేశాక గుండె కాస్త తేలికైంది, నాలాంటివాడికి అది కూడా ఎక్కువే. పిల్లలకి ఆకలేయలేదమ్మా. నీ పాట బాగుంటుందని తెలిసే ఆపాను.