ఎర్ర చిలకలు, తెల్ల కొంగలు

అరవైల చివర్లో మా గజపతినగరంలో ఏ పిల్లవాడైనా రామతీర్థంలో శివరాత్రి జాతరకు వెళ్ళొచ్చాడనడానికి సాక్ష్యం ఒక్కటే: ఎర్రబడ్డ నాలుక. ఆ సాక్ష్యాన్ని తయారుచేసేది మా అమ్మ. పంచదార పాకంలో ఎర్రరంగు కలిపి, కొయ్య అచ్చుల్లో పోసి చిలకలు తీసేది. జాతరలో మేం పెట్టే దుకాణం వాటి మీదే నడిచేది. ఇంట్లో బుట్ట తరిగితే అమ్మ ఎవర్నీ తిట్టేది కాదు. "ఏదీ, నాలిక సూపించు," అనేది. నేను ఎప్పుడూ దొరికిపోయేవాణ్ణి.

నేను కాలేజీలో చేరిన ఏడు, జాతర దగ్గరపడ్డాక కల్తీల ఇన్‌స్పెక్టరు ఊళ్ళో మా కొట్టుకొచ్చాడు. గ్లాసులో నీళ్ళు పోయించి చిలకను ముంచాడు. చిలక ప్రాణం వదుల్తూ నీళ్ళన్నీ ఎర్రజేసింది.

"ఇది బట్టలకద్దే రంగు, అమ్మా. పిల్లలు తినేవాటిలో వెయ్యకూడదని చట్టం. సర్కారు ఒప్పుకున్న రంగు వేరే ఉంది, విశాఖపట్నంలో దొరుకుతుంది," అన్నాడు.

దొరికింది, ఫ్యాక్టరీలకు సరిపోయే డబ్బాల్లో. అందులో ఒక్కటి కొంటే మా తాలూకా పిల్లలకే కాదు, వాళ్ళ మనవలక్కూడా నాలుకలు ఎర్రబరచవచ్చు. చిన్న పొట్లం కట్టివ్వమంటే, సీలు తీస్తే చెల్లదన్నాడు షాపువాడు.

నాన్న కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. "మన వంశం మునిగిపోనాదిరా!"

"వంశం ఎక్కడ మునిగింది నాన్నా? మునిగింది చిలకే కదా."

"నువ్వు నోర్ముయ్. ఒసే, పాత రంగే ఏసేద్దాం. జాతరలో ఎవుడు సూస్తాడు?"

అమ్మ తన అరచేతుల కేసి చూసుకుంది. సబ్బుకూ చింతపండుకూ లొంగని ఎరుపు.

"నా సేతులదే పోటం లేదు. పిల్లల కడుపులో పోద్దేటి?" అంటూ లేచి, పాత రంగు పొట్లం కాలవలో ఒంపేసింది. ఆ ఏడు పండగ చేసుకున్నది మా వీధి కాలవ ఒక్కటే.

తెల్ల చిలకలతో రామతీర్థం వెళ్ళాం. ఒక చిన్నపిల్ల వంగి చూసి వాళ్ళ నాన్నను అడిగింది: "అయ్యా, ఇయ్యి కొంగలేటి?"

"కొంగలేనమ్మా," అంది అమ్మ. "సంపావతి ఏట్లోంచి ఎగిరొచ్చినాయి."

వంకర ముక్కు కొంగను ఆ పిల్ల నమ్మలేదు. పక్క దుకాణంలో కాగితం చుట్టిన ఫ్యాక్టరీ బిళ్ళలు ఎర్రగా మెరుస్తున్నాయి. అటే పోయింది. తక్కిన పిల్లలూ అటే. బుట్టలు నిండుగా ఇంటికొచ్చాయి. వానాకాలం దాకా మా ఇంట్లో టీ తాగినవాళ్ళందరూ కొంగల్నే తాగారు.

మరుసటేడు దుకాణం పెట్టలేదు. అచ్చులు అటకెక్కాయి. నేనొక్కణ్ణే జాతరకు వెళ్ళి, మీసాలొచ్చిన సంగతి మరిచి, ఫ్యాక్టరీ బిళ్ళ చప్పరిస్తూ ఇంటికొచ్చాను.

అమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఏదీ, నాలిక సూపించు."

చూపించాను. నా గడ్డం పట్టి వెలుతురు కేసి తిప్పి, చాలాసేపు చూసింది.

"మనదే బాగా ఎర్రగుండేదిరా," అంది.

ఏదో జోకు వెయ్యాలనుకున్నాను. నాలుక బయటుంటే మాట రాదు.

"సాల్లే. నీళ్ళు పుక్కిలించు," అని చెంబు అందించింది.