నా సైకిలు నష్టపరిహారం కేసు

మొన్న గురువారం సాయంత్రం నేను నష్టపరిహారం వసూలు చేయడానికి వెళ్ళాను. వసూలైంది కూడా! ఎవరి దగ్గర వసూలైందన్నది మాత్రం కాస్త ఆగి చెప్తా. ముందు టీ తీసుకోండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. కానీ మొత్తం విన్నాక "శభాష్ సువార్తా" అనకుండా ఎవరైనా లేచి వెళ్ళారో, ఊరుకునేది లేదు.

మీకు తెలుసుగా, నేను నలభై ఆరేళ్ళొచ్చాక సైకిల్ నేర్చుకున్నదాన్ని. పోయిన వేసవి సెలవుల్లో, మన స్కూలు గ్రౌండులో, పొద్దున్నే ఎవరూ లేచేలోపు. మోచేతులు గీరుకుపోయాయి, మోకాళ్ళు వాచిపోయాయి. మా అత్తగారైతే "ఈ వయసులో నీకీ సర్కస్ ఏంటే తల్లీ" అని రోజూ ఒకటే గొణుగుడు. అయినా పట్టు వదల్లేదు. జూన్‌లో స్కూళ్ళు తెరిచేసరికి చీర కుచ్చిళ్ళకి పిన్నులు పెట్టుకుని, ముందు బుట్టలో టిఫిన్ బాక్సు పెట్టుకుని, తిరువూరు మెయిన్ రోడ్డు మీద దర్జాగా బయల్దేరాను. అంతకుముందు ఇరవై ఏళ్ళు షేర్ ఆటోలో సగం సీటు మీద వేలాడుతూ వెళ్ళినదాన్ని. సొంత బండి మీద స్కూలుకెళ్ళడం అంటే ఏంటో నన్నడగండి!

సోమవారం పొద్దున. విస్సన్నపేట ఆటోలు ఆగే చోటు ఉంది చూడండి, అక్కడికొచ్చాను. మంచి స్పీడులో ఉన్నా. రోడ్డుకి అటువైపు మా పాస్టరమ్మ గారు కూరగాయల సంచీతో కనబడ్డారు. అంతవరకే నాకు గుర్తుంది. తర్వాత కళ్ళు తెరిచేసరికి నేను రోడ్డు మీద, సైకిలు నా మీద, ఎదురుగా ఒక ఆటో వెనకభాగం!

ఆ ఆటో నాగరాజుది. పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సారీ మేడం! సారీ మేడం! దెబ్బలేమన్నా తగిలాయా మేడం?" అని నన్ను లేపి, మంచినీళ్ళిచ్చి, టిఫిన్ బాక్సు దులిపి చేతికిచ్చాడు. నాకు దెబ్బలేం లేవు. సైకిలు ముందు చక్రం మాత్రం అప్పడంలా వంగిపోయింది. బుట్ట నలిగిపోయింది. బెల్లు ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. చుట్టూ చేరిన జనం "ఈ ఆటోవాళ్ళింతేనండీ" అన్నారు. నేనూ అవునవునన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పా. కరెంటాఫీసులో పని చేసే మనిషి, ఏ విషయమైనా మీటరు చూసినట్టు చూస్తాడు. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆటో గుద్దితే వెనక చక్రం పోవాలి గానీ ముందుది పోవడం ఏంటి? నువ్వే పడుంటావు" అన్నాడు.

"నేనా! నేను పడటమా!"

"నీకు తొక్కడం రాదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఇక చాల్లే. ఈ సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దాం. రేపట్నుంచి నా స్కూటర్ మీద దింపుతా, లేదంటే ఆటోలో వెళ్ళు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు. ఆ సైకిల్ కోసం నేను ఎన్ని తెల్లవారుజాములు దెబ్బలు తిన్నానో ఈయనకేం తెలుసు? "ఆటోదే తప్పని రుజువు చేస్తా. నష్టపరిహారం కక్కిస్తా. అప్పుడు సైకిలు నాకే ఉంటుందా?" అన్నా. "తప్పు వాడిదైతే నేనే కొత్త చక్రం వేయిస్తా. నీదైతే మాత్రం సైకిలు మర్చిపో" అన్నాడు. అత్తగారు సాక్షి.

మర్నాడు సాయంత్రమే పాస్టరమ్మ గారింటికెళ్ళా. ఆవిడ అక్కడే ఉన్నారు కదా, కళ్ళారా చూసుంటారు కదా, ఇంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

"పోనీలే సువార్తా, వదిలెయ్యమ్మా. క్షమించడం మంచిది" అన్నారు.

"క్షమించడానికి నేను రెడీనండి. ముందు తప్పు ఒప్పుకోమనండి!"

"చక్రం కావాలంటే నేను వేయిస్తాలేమ్మా."

"మీరెందుకు వేయించాలండీ? మీరేమన్నా గుద్దారా?"

ఆవిడ మొహం అదోలా అయిపోయింది. "అసలు నేను సరిగ్గా చూళ్ళేదు... చూశాననుకో... అయినా ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, కాఫీ తాగు" అన్నారు. పాపం, కోర్టు గొడవలంటే భయపడుతున్నారనుకున్నా. "మీరేం భయపడకండి, నేనున్నా. గురువారం ఆటో స్టాండుకి రండి చాలు" అని ధైర్యం చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి తెల్లకాగితం తీసి నాగరాజు సంతకం పెట్టాల్సిన ఒప్పుకోలు పత్రం రాశా. నా అక్షరాలు మీకు తెలుసుగా, అచ్చు వేసినట్టుంటాయి. "ఇందు క్రింద సంతకము చేయు నేను, అజాగ్రత్త వలన ఢీకొట్టి, ఎదుటివారి వాహనమునకు నష్టము కలిగించితినని ఒప్పుకొనుచు, తగిన నష్టపరిహారము చెల్లించుచున్నాను." మార్జిన్ గీశా. సంతకానికి చోటు వదిలా. పాఠ్యపుస్తకంలో పెట్టుకోవచ్చు, అంత బాగా కుదిరింది!

గురువారం స్కూలు వదలగానే మా ఆయన్ని కూడా రమ్మన్నా, కళ్ళతో చూడాలని. స్కూటర్ మీద ఆయన వెనక నేను, నా భుజానికి ఆ వంకర చక్రం. సాక్ష్యం ఉండాలి కదండీ! బజారు బజారంతా చూసింది.

ఆటో స్టాండులో నాగరాజు టీ తాగుతున్నాడు. నన్ను చూడగానే గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. నేను చక్రం ఎత్తి చూపించా.

"ఏం నాగరాజూ, దీని సంగతేంటి?"

"మేడం, మీరు టీచరు గారు, మీతో నేనేం వాదించనండి. కానీ నా ఆటో ఆగి ఉంది మేడం."

"ఆగి ఉన్న ఆటో నన్నెలా గుద్దింది?"

"నేనూ అదే అంటున్నా మేడం!"

చుట్టుపక్కల ఆటోవాళ్ళు కిసుక్కుమన్నారు. నాకు తల తిరిగిపోయింది. "మరి ఆ రోజు సారీ ఎందుకు చెప్పావు? ఒకసారి కాదు, పదిసార్లు చెప్పావు!"

"టీచరు గారు రోడ్డు మీద పడిపోతే సారీ అనక ఇంకేమంటానండి?"

ఈలోపు పాస్టరమ్మ గారు వచ్చారు. వచ్చీ రాగానే నా కొంగు పట్టుకుని "సువార్తా, ఒక్కసారి ఇటు రావే, నీతో మాట్లాడాలి" అని లాగుతున్నారు. "ఉండండి, కేసు అయిపోనివ్వండి" అని విదిలించుకున్నా. అప్పుడే ఎదురుగా ఎరువుల కొట్టు శేషగిరి గారు గుమ్మంలోకొచ్చి, "గొడవెందుకమ్మా, మా కొట్టు కెమెరాలో రోడ్డంతా కనబడుతుంది. చూసుకుంటే సరిపోదా?" అన్నారు.

"అద్దీ! పెట్టండి సార్!" అన్నా. చప్పట్లు కొట్టినంత పని చేశా.

యూరియా బస్తాల మధ్య చిన్న టీవీ. శేషగిరి గారు, మా ఆయన, నేను, నాగరాజు, స్టాండులో ఉన్న ఆటోవాళ్ళందరూ దూరారు. ఆ ఎరువుల ఘాటుకి కళ్ళు మండుతున్నా ఎవరూ బయటికెళ్ళలేదు. పాస్టరమ్మ గారు గుమ్మం దగ్గరే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు.

బొమ్మ వచ్చింది. నాగరాజు ఆటో ఆగి ఉంది. ఆగి ఉండటం కాదు, అందులో నాగరాజు కూడా లేడు! అటు పక్క టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. తర్వాత నేనొచ్చాను. ఎంత బాగున్నానో! వెన్ను నిటారుగా, తలెత్తి, కుచ్చిళ్ళు చెదరకుండా. నన్ను నేను సైకిలు మీద చూసుకోవడం అదే మొదటిసారి. ఒక్క క్షణం కేసు సంగతే మర్చిపోయా.

అటువైపు పాస్టరమ్మ గారు కనబడ్డారు. చర్చికెళ్ళేవాళ్ళకి చెప్పక్కర్లేదు, పాస్టరమ్మ గారు కనబడితే మనమేం చేస్తాం? రెండు చేతులూ జోడించి, తల వంచి, వందనాలండీ అంటాం. నేనూ అదే చేశా! హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ ఎత్తి జోడించి, కళ్ళు కూడా మూసుకుని, భక్తిగా! చిన్నప్పట్నుంచి అలవాటు, చేతులు వాటంతటవే లేచిపోయాయి. సైకిలు ఆగిందా? లేదు! వంకర పోయిందా? లేదు! నేను నమస్కారంలో ఉన్నంతసేపూ గీత గీసినట్టు తిన్నగా వెళ్తూనే ఉంది. మందుల షాపు దాటింది. చెప్పుల కొట్టు దాటింది. తిన్నగా వెళ్ళి నాగరాజు ఆటో వెనక దభీమంది.

వెనక నుంచి ఎవరో "ఓర్నాయనో! టీచరు గారు చేతులొదిలేసి తొక్కేస్తున్నార్రా!" అన్నారు. ఇంక చూస్కోండి, యూరియా బస్తాలు కదిలిపోయేలా నవ్వులు.

"మళ్ళీ పెట్టండి సార్" అని ఒక గొంతు వినబడింది. ఎవరిదో కాదు, నాదే!

పాస్టరమ్మ గారు మెల్లగా నా పక్కకొచ్చి, "నేను తిరిగి వందనం చెప్పేలోపే వెళ్ళిపోయావమ్మా. నేను ఆ టైముకి కూరగాయలకి రాకపోతే నువ్వు పడేదానివి కాదు. మూడు రోజుల్నుంచి నాకు నిద్ర లేదు" అన్నారు. చెప్తే నా పరువు పోతుంది, చెప్పకపోతే నాగరాజుకి అన్యాయం. పాపం ఎంత నలిగిపోయారో!

బయటికొచ్చి ఆటో వెనక చూశా. ఇండికేటర్ అద్దం పగిలి ఉంది. నాగరాజు దానికి ఎర్ర టేపు అంటించుకుని, నాతో ఒక్క మాట కూడా అనలేదు. అది చూశాక మాత్రం నిజంగా సిగ్గేసింది. అందరి ముందూ చక్రం ఎత్తి మరీ కేకలేశానే! "క్షమించు నాగరాజూ" అని చేతులు జోడించా. "మేడం, మేడం, ఈసారి నిలబడే ఉన్నారుగా, ఫర్వాలేదు" అన్నాడు వాడు!

బ్యాగులోంచి ఆ ఒప్పుకోలు పత్రం తీశా. పేర్లు ఇంకా వేయలేదు కాబట్టి ఒక్క అక్షరం కూడా దిద్దక్కర్లేకుండా సరిపోయింది. కింద నేనే సంతకం పెట్టా. వద్దంటున్నా వినకుండా అద్దం డబ్బులు నాగరాజు జేబులో పెట్టా. నష్టపరిహారం కావాలని అరిచిందే నేను, నా వంతు వచ్చినప్పుడు ఎగ్గొడితే రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను?

తిరిగి స్కూటరెక్కాను. ఇంక సైకిలు పోయినట్టే. తీరా చూస్తే స్కూటరు ఇంటివైపు తిరగలేదు, సైకిలు షాపు ముందు ఆగింది. నా భుజం మీది చక్రం తీసుకుని మెకానిక్‌కి ఇచ్చి, "దీనికి కొత్త రిమ్ము వెయ్యి. గట్టిది వెయ్యి" అన్నాడు.

"అదేంటండీ, తప్పు నాదేగా?"

"తప్పు నీదే. కానీ నీకు తొక్కడం రాదనుకున్నా చూడు, అది నా తప్పు. నాకు పదేళ్ళప్పట్నుంచీ సైకిలొచ్చు, ఇప్పటికీ ఒక్క చెయ్యి వదలాలంటే భయం" అన్నాడు. పెళ్ళై ఇరవై రెండేళ్ళైంది, మా ఆయన నోటి వెంట ఇలాంటి మాట అదే మొదటిసారి. మెకానిక్ ముందే ఏడ్చేశా.

శేషగిరి గారిని బతిమాలి ఆ వీడియో నా ఫోన్లో వేయించుకున్నా. నిన్న వాట్సాప్ స్టేటస్ పెట్టాను, మీరింకా చూళ్ళేదా? చివరి ముక్క కొంచెం కత్తిరించేశాన్లెండి, బొమ్మ సరిగ్గా రాలేదని. పొద్దున విజయవాడ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఏమే సువార్తా, అలా చేతులు జోడించుకుని ఎంత దూరం వెళ్ళావే!" అని ఒకటే ఆశ్చర్యం.

"ఆటో దాకా వెళ్ళాను పిన్నీ" అన్నా. అబద్ధం చెప్పానా, మీరే చెప్పండి!