పోస్టుమాన్ టీము

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆట తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మాకు ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్. బెజవాడలో రైల్వే వాళ్ల మైదానంలో ఉత్తకాళ్లతో ఆడి నేర్చుకున్నాడట. యుద్ధం రోజుల్లో మా ఊరికి బదిలీ అయి వచ్చాడు. పామర్రుకీ చల్లపల్లికీ మధ్య కాలవ ఒడ్డున ఉండే చిన్న ఊరు మాది. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో ఉండే ఆయన్ని పిల్లలందరం పోస్టు బాబాయ్ అనేవాళ్లం. ఒక ఎండాకాలం సాయంత్రం, ఉత్తరాలు పంచడం అయిపోయాక, ఆయన గోనెసంచిలోంచి ఒక తోలుబంతి తీశాడు. మా ఊళ్లో అదే మొదటి బంతి.

కాలవ గట్టు కింద సర్కారు బీడు ఒకటి ఉండేది. వానాకాలమంతా నీళ్లలో ఉండి, ఎండలు ముదిరితే పాదం దిగబడేంత నెర్రెలు తీసేది. ఆయన మిల్లు నుంచి ఊక మోసుకొచ్చి ఆ నెర్రెలు పూడ్చాడు. మొదట బడిపిల్లలు అయిదుగురే చేరారు. నేను బడి కాగానే మా నాన్న మగ్గం దగ్గర కూర్చుని కండెలు చుట్టి, ఆ పని కాగానే పరుగెత్తి వెళ్లి గట్టు మీద నుంచి చూసేవాణ్ణి. నాలుగో రోజున ఉండబట్టలేక దిగి వెళ్లి, నన్నూ చేర్చుకోమని అడిగాను.

"చేర్చుకుంటా. రేపు నీతోపాటు ఇంకొకణ్ణి తీసుకురా. వాడు మీ వీధివాడు మాత్రం కాకూడదు" అన్నాడు.

చేరిన ప్రతివాడికీ ఆయన పెట్టిన షరతు అదేనని తర్వాత తెలిసింది. ఊళ్లో ఉన్న వీధులన్నీ రోజూ తొక్కే మనిషి ఆయన ఒక్కడే. మేమేమో మా వీధి దాటితే ఇంకో వీధిలో ఎవరుంటారో కూడా సరిగా ఎరగం. బజారు వీధి పిల్లల్నీ, గానుగల వీధి పిల్లల్నీ నాకంటే ముందు చేరినవాళ్లే తెచ్చేశారు. ఇక మిగిలింది తూము అవతల ఉన్న క్రైస్తవుల పేట. మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. పన్నెండేళ్లొచ్చినా నేను అక్కడ కాలు పెట్టలేదు.

ఆ పేటలో నా ఈడు కుర్రాడొకడు కోతలయ్యాక చేలల్లో బాతులు తోలుతుండేవాడు. చెదిరిపోయిన బాతుల్ని కూడగట్టడానికి వాడు పరుగెత్తుతుంటే దారినపోయే బళ్లవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. వాణ్ణే తేవాలని తూము దాకా వెళ్లాను. అక్కడే నిలబడి కేకేశాను. వాడు బయటికి వచ్చి, "అక్కణ్ణుంచే అరుస్తావేం? ఇంటికి రాకూడదా?" అన్నాడు. సిగ్గేసింది. వెళ్లాను. వాళ్లమ్మ నన్ను ఎగాదిగా చూసి, చాప వేసి, "ఎవరబ్బాయివి నాన్నా?" అని అడిగింది.

సంగతంతా విని వాడు ఒక్కటే అడిగాడు. "నేనొస్తే బంతి నన్ను తన్ననిస్తారా, అవతల పడినప్పుడు తెచ్చిమ్మంటారా?"

ఎవర్నీ అడగకుండానే, తన్ననిస్తారని చెప్పేశాను. మర్నాడు వాడు రాగానే బాబాయ్ బంతి తీసి మొదట వాడి కాళ్ల ముందే పెట్టాడు.

అలా అయిదుగురితో మొదలై పదకొండుమందిమయ్యాం. ఏడాది తిరిగేసరికి రెండు జట్లుగా విడిపోయి ఆడుకునేంతమందిమి. పేట నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. మాకు క్లబ్బనీ సంఘమనీ పేరేమీ లేదు. పోస్టుమాన్ టీము అనేవాళ్లు, అంతే. పిల్లల వెనక పెద్దవాళ్లూ రావడం మొదలైంది. నూలు దొరకని రోజుల్లో మా నాన్న మగ్గాల దగ్గర మిగిలిన పోగులు పోగుచేసి గుడ్డ నేశాడు. అందులో రంగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చెప్పడం కష్టం. బజారు వీధి దర్జీ దానితో చొక్కాలు కుట్టి ఇచ్చాడు. ఆస్పత్రి కాంపౌండరు దెబ్బలకి టించరు పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఎవరికీ జీతం లేదు, ఎవరూ అడగలేదు. వీళ్లందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఆఖర్న వెళ్లేది బాబాయే. పొద్దంతా నడిచిన కాళ్లతో మళ్లీ మాతో పరుగెత్తేవాడు. బంతి లోపలి బ్లాడరుకి చిల్లి పడితే సైకిలు ట్యూబు ముక్క అతికేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోవడం నేను చూడలేదు.

బాతులు తోలే కుర్రాడు మా లెఫ్ట్ అవుట్ అయ్యాడు. నేను సెంటర్ ఫార్వర్డ్‌ని. వాడు గీత వెంబడి దూసుకుపోయి బంతి లోపలికి తన్నడం, నేను దాన్ని గోల్లోకి కొట్టడం మా ఇద్దరికీ కళ్లు మూసుకున్నా అయ్యే పనిలా ఉండేది. ఇంటికొస్తే మా నాయనమ్మ నన్ను నూతి దగ్గరే నిలబెట్టి, రెండు చేదలు నెత్తిన పోసి గానీ లోపలికి రానిచ్చేది కాదు. చెమటకని అనుకునేవాణ్ణి. చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఒకసారి పామర్రు అవతల ఊరి నుంచి పందేనికి పిలుపొచ్చింది. ఆ ఊరి పెద్దరైతు గారి అబ్బాయి వాళ్ల జట్టు కెప్టెను. భోజనాలు వాళ్లింట్లోనే. కాలవ మీద పడవలో వెళ్లాం. దిగేసరికి మధ్యాహ్నమైంది. అందరి కడుపులూ కాలిపోతున్నాయి. వసారాలో వరసగా విస్తళ్లు వేసి ఉన్నాయి. మేం కాళ్లు కడుక్కుని లోపలికి వస్తుంటే, ఆ ఇంటి పాలేరు మా లెఫ్ట్ అవుట్‌నీ, మిగతా పేట పిల్లలిద్దర్నీ పక్కకి పిలిచి పశువుల కొట్టం వైపు చూపించాడు. ముగ్గురూ అటు వెళ్లారు.

నేను చూశాను. చూసి కూడా కూర్చున్నాను. బాబాయ్ వచ్చి చూసుకుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. విస్తట్లో వేడి అన్నం, పప్పు, గోంగూర, కరిగిన నెయ్యి. రెండు ముద్దలు తిన్నాను.

బాబాయ్ అందరికంటే ఆఖర్న కాళ్లు కడుక్కుని వచ్చాడు. మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, రైతు గారి వైపు తిరిగాడు.

"మా పిల్లల్లో ముగ్గురు కనపడ్డం లేదండీ."

"వాళ్లకి అక్కడ పెట్టిస్తున్నాంలేవయ్యా. లోటేం రాదు, నువ్వు కూర్చో."

"లోటు రాదని తెలుసండీ, మీ చెయ్యి పెద్దది. కాకపోతే మా జట్టుకి అన్నం ఒక్కచోటే. మీకు ఇబ్బంది కలిగించను. నేనూ అక్కడే కూర్చుంటానండీ."

దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. గడ్డి పరిచిన నేల మీద, ఆ ముగ్గురి పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. మమ్మల్ని రమ్మని పిలవలేదు. మా వైపు చూడనైనా చూడలేదు. ముందు మా గోల్‌కీపరు విస్తరి ఎత్తుకుని లేచాడు. వాడు బజారు వీధి షావుకారు కొడుకు. వాడి వెనక ఇద్దరు లేచారు. నేను లేచింది నాలుగోవాణ్ణో అయిదోవాణ్ణో. చివరికి వసారా ఖాళీ అయింది. రైతు గారు కాసేపు బిగుసుకుపోయి నిలబడి, "అన్నీ అటే పట్టుకెళ్లండి, నెయ్యి మర్చిపోకండి" అని వడ్డించేవాళ్లతో అన్నాడు.

నేను మా లెఫ్ట్ అవుట్ పక్కనే కూర్చున్నాను. వాడు తలెత్తలేదు.

సాయంత్రం ఆట మొదలయ్యాక నాకు ఒక్క బంతీ రాలేదు. ఆఖర్లో, గోలు ముందు నేను ఒంటరిగా ఉన్నాను. చెయ్యెత్తాను. వాడు నన్ను చూశాడు, బాగా చూశాడు, బంతిని అటువైపు తిప్పి ఇంకొకడికి కొట్టాడు. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం.

పడవ తిరుగు ప్రయాణం పట్టింది. పొద్దు వాలుతోంది. బాబాయ్ వెనక కొసన కూర్చుని బంతి లేసు విప్పుతున్నాడు. నేను వెళ్లి పక్కన చేరాను. "బాబాయ్, వాళ్లు అటు వెళ్లడం నేను చూశాను. చూసి కూడా తిన్నాను" అన్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

ఆయన లేసు మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఈ ఉత్తరం నాది కాదురా నాన్నా. అడ్రసు సరిగ్గా చూసుకో" అన్నాడు.

మా లెఫ్ట్ అవుట్ పడవ ముందు కొసన కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చున్నాడు. మధ్యలో అందరూ పడుకుని ఉన్నారు. వాళ్లని దాటుకుంటూ వెళ్లాను. నిలబడే చెప్పాను, బాబాయ్‌తో చెప్పిన రెండు మాటలే.

వాడు నీళ్లకేసి చూస్తూ, "నువ్వు చూడ్డం నేనూ చూశాను" అన్నాడు. తర్వాత, "నేనూ బంతి కావాలనే ఇవ్వలేదు" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

వాడు కొంచెం పక్కకి జరిగాడు. నేను కూర్చున్నాను.

ఆ రైతు గారు మారిపోయాడని చెప్పను, నాకు తెలియదు. మరుసటేడు మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం విస్తళ్లన్నీ కొట్టం పక్కనే వేయించాడు, అందరికీ. ఆయన కొడుకు ఆ తర్వాత మా ఊరొచ్చి బాబాయ్‌ని తమ ఊళ్లోనూ నేర్పమని అడిగాడు. ఆదివారాలు సెలవు మానుకుని ఆయన అక్కడికి నడిచి వెళ్లేవాడు. ఆ ఊళ్లోనూ అదే షరతు పెట్టాడట. బెజవాడకి బదిలీ అయి వెళ్లేనాటికి కాలవ పొడుగునా ఊరూరా పిల్లలు సాయంత్రమైతే బంతి తన్నుతుండేవాళ్లు. ఆయన్ని సాగనంపడానికి అన్ని ఊళ్ల నుంచీ వచ్చారు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరి మనసైనా నొప్పిస్తే, ఆ మాట నా భార్యతోనో, స్నేహితుడితోనో, దేవుడి పటం ముందో చెప్పుకుని బరువు దించుకోవాలనిపిస్తుంది. అది తేలిక. అలా అనిపించినప్పుడల్లా లేచి, చెప్పులు వేసుకుని, ఆ మనిషి ఇంటికే వెళ్తాను. దారిలో కాళ్లు ఇప్పటికీ వెనక్కి లాగుతుంటాయి. అయినా వెళ్తాను.