బాలప్ప తీసిన మచ్చు

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారు చూశారా, ఆ సామెత కట్టిన మహానుభావుడెవరో ఈ ఇంటర్నెట్టు కంపెనీల వాళ్ళను ముందే చూసి ఉండాలి. రెండువేల ఎనిమిదిలో కళ్యాణదుర్గానికి దిగబడిన మెరుపు బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళ సంగతి ఇది. ఆటోకు మైకు కట్టి మూడు రోజులు వీధి వీధీ తిప్పారు. "రెండు ఎంబీపీఎస్ వేగం! పాట అర నిమిషంలో మీ కంప్యూటర్లో!" అని ఒకటే అరుపు. వానకు మొహం వాచిన ఊరది, మెరుపు అన్న మాట చెవిన పడితేనే తల పైకెత్తి చూస్తుంది. అలా తలెత్తి చూసి నమ్మినవాళ్ళలో బాలప్ప ఒకడు. ఆయనకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బాలప్ప అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వేరుశనగ మండీలో ఇరవై రెండేళ్ళు మచ్చు తీశాడు. రైతు మూటలు దించగానే, ఒక ఇనుప గొట్టాన్ని మూటలోకి గుచ్చి దోసెడు కాయ బయటికి లాగేవాడు. దాన్ని ఒలిచి గింజ ఎంత, తాలు ఎంత అని తేల్చి చెబితే ఆ సరుకంతటికీ అదే ధర. కొందరు గడుసువాళ్ళు మూట మూతి దగ్గర గట్టికాయ పోసి, అడుగున తాలుకాయా మట్టిబెడ్డలూ కుక్కి తెచ్చేవారు. బాలప్ప దగ్గర ఆ పప్పులు ఉడకవు. పైన ఒక పోటు, నడుమ ఒక పోటు, అడుగున ఒక పోటు, మూడు పోట్లు పొడిస్తే గాని నోరు విప్పడు. విప్పాడా, ఇక షావుకారుకూ రైతుకూ రెండో మాట లేదు. "బాలప్ప మచ్చు తీసినాడంట" అంటే చాలు, ఇద్దరూ చీటీ మీద సంతకాలు పడేసి టీ తాగడానికి పోయేవారు.

ఏటికేడు వానలు ఎగ్గొట్టి మండీకి మూటలు రావడం తగ్గిపోయాక, బాలప్ప బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు పెట్టుకున్నాడు. దాన్ని సెల్‌ఫోన్లు మింగేశాయి. అప్పుడు నాలుగు కంప్యూటర్లు తెచ్చి అదే గదిలో ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. యాభై దాటిన వయసులో టైపు నేర్చుకున్నాడు, రెండంటే రెండే వేళ్ళతో. పరీక్షా ఫలితాలు, హాల్ టికెట్లు, దరఖాస్తులు, చుట్టుపక్కల పల్లెలకు అన్నిటికీ ఆ గదే దిక్కు. అనంతపురం పోయి రావడమంటే కూలి చేసుకునేవాడికి ఒక దినం కూలి మట్టిలో కలిసినట్టే. "యాడికీ పోవద్దు, ఈడికే రాండి" అనేవాడు బాలప్ప. ఆ మాటకు కట్టుబడే ఫోను తీగ మీద నడిచే పాత నెట్టు తీసేసి, మెరుపు వాళ్ళ కనెక్షన్ పెట్టించుకున్నాడు.

డాబా మీద గిన్నెంత డబ్బా ఒకటి బిగించి పోయారు. మొదటి వారం పరుగులే పరుగులు. రెండో వారం నుంచి డేకడం మొదలుపెట్టింది. అర నిమిషంలో వస్తుందన్న పాటకు పదకొండు నిమిషాలు పట్టేది. ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన పిల్లలు తెల్లటి తెర ముందు గోళ్ళన్నీ కొరుక్కునేవాళ్ళు. కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి తేనె పూసిన గొంతుతో "మీ కంప్లైంట్ నమోదైంది సార్" అనేది. నమోదు చేసుకుని ఏం చేస్తారో, ఊరగాయ పెట్టుకుంటారో! అలా పద్నాలుగు సార్లు నమోదైంది. పేరు గొప్ప ఊరు దిబ్బ.

పద్నాలుగో ఫోనుకు ఎట్టకేలకు కదిలారు. జూలై నెలలో ఒక శుక్రవారం సాయంత్రం అనంతపురం ఆఫీసు నుంచి టై కట్టుకున్న సారొకడు దిగాడు. వెంట ఆంజనేయులు. ఊళ్ళో వైర్లు లాగేదీ, డబ్బాలు బిగించేదీ ఆంజనేయులే.

"అన్నీ సరిచేశాం. మీరే చూసుకోండి" అన్నాడు సారు.

"చూస్తా సార్. నేను మండీలో మచ్చు తీసినోణ్ణి. ఒక పోటుకు నమ్మను" అన్నాడు బాలప్ప.

మొదటి కంప్యూటర్‌లో పాట పెట్టాడు. ఇరవై నాలుగు సెకండ్లు. బాలప్ప కళ్ళు పెద్దవయ్యాయి గాని నోరు విప్పలేదు. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, ఇంటి నుంచి భార్య హనుమంతమ్మ చేత ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించి పెట్టాడు. అరగంట పోనిచ్చి రెండో కంప్యూటర్‌లో పెట్టాడు. ఇరవై అయిదు. మళ్ళీ అరగంట ఆగి, మూల ఉన్న నాలుగో దాన్లో. ఇరవై నాలుగు. పైన, నడుమ, అడుగున, మూడు పోట్లూ అయ్యాయి. సరుకు గట్టిది.

"ఇప్పుడు సరిగుండాది సార్" అన్నాడు. సారు చాపిన కాగితం మీద, వేగం బాగుంది, నా ఫిర్యాదు తీరిపోయింది అన్న మాటల కింద, మండీలో పెట్టినట్టే బరబరా సంతకం గీకాడు.

పాపం, ఆయన చేసిన తప్పల్లా అదే. మచ్చు తీసిన తర్వాత మూట మారిపోవడం అన్నది ఇరవై రెండేళ్ళలో ఆయన ఎరగడు. కాయ కాయగానే ఉంటుంది, తెల్లారేసరికి తాలైపోదు గదా.

మరునాడు శనివారం. పది గంటలకు బాలప్ప అరుగు మీద నిలబడి ఉండగా, ఎదురుగా అనంతపురం బస్సు ఎక్కబోతున్న జాకబ్ కనిపించాడు. పక్కనే కూతురు సారా, చేతిలో ప్లాస్టిక్ కవరు. జాకబ్‌ది ఊరి బయట కాలనీ, పొలం పనులకు కూలికి పోతాడు. సారా ఆ ఏడే ఇంటర్ పాసైంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే.

"ఏమప్పా జాకబ్, బిడ్డనెంటబెట్టుకోని యాడికి పోతాండావు?" అని కేకేశాడు బాలప్ప.

"అనంతపురానికన్నా. సారాకు నర్సింగు ఫారం నెట్టులో ఎక్కీయల్ల. హాస్టలు, చదువు, అంతా వాళ్ళే పెట్టుకుంటారంట. ఈపొద్దు సాయంత్రం అయిదుకు ఆఖరు. ఆదాయం సర్టిఫికెట్టు నిన్న మాపటికి గదా చేతికిచ్చినారు ఆఫీసోళ్ళు!"

"దానికి అనంతపురం దాకా ఎందుకప్పా? నా నెట్టుకేమొచ్చింది?"

జాకబ్ నసిగాడు. "నీ నెట్టు ఎద్దుబండి మాదిరి పోతాదని అందరూ అంటాండారు గదన్నా..."

"అది నిన్నటిదాకా! నిన్న సాయంత్రం నేనే మచ్చు తీసినా. మూడు తూర్లు తీసినా. రాండి, పావుగంటలో పంపిస్తా."

బాలప్ప మచ్చు తీసినా అన్నాక ఇంక ఎదురేముంది? జాకబ్ మెట్టు మీద పెట్టిన కాలు కిందికి దించాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఫారం నింపడం పదకొండుకల్లా అయింది. ఇక ఫొటో ఒకటి, సర్టిఫికెట్లు నాలుగు ఎక్కించాలి. ఫొటో ఎక్కింది. మొదటి సర్టిఫికెట్ ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. రెండోది ఇరవై. మూడోది సగంలో ఉండగా సమయం అయిపోయింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి అని తెర మీద పడింది. బాలప్ప మిగతా మూడు కంప్యూటర్లూ ఆపేసి, కూర్చున్నవాళ్ళను లేపి పంపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ మూడోదాని దగ్గరే తెగింది.

"పెద్నాయనా, పన్నెండున్నర బస్సుండాది. పోదామా?" అంది సారా మెల్లగా.

"ఉండు బిడ్డా, ఎక్కుతాండాది గదా."

ఎక్కడం లేదని ఆయనకు తెలుసు. కానీ, నా మచ్చు తప్పింది, పోండి అని చెప్పడానికి నోరు రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట అది, ఎక్కడి నుంచి వస్తుంది? ఆంజనేయులుకు ఫోను చేశాడు. "లోడెక్కువుందన్నా, కొంచేపట్లో సరిపోతాది" అన్నాడు వాడు. ఆ కొంచెంసేపు కోసం ఒంటిగంటన్నర బస్సు కూడా పోగొట్టుకున్నారు. రోజుకు నాలుగుసార్లు పోయే కరెంటు ఆ రోజు ఒక్కసారీ పోలేదు. పోయి ఉంటే బాగుండేది, ఆ వంకన్నా చెప్పి బస్సెక్కించేవాడు.

రెండున్నర బస్సు కళ్ళ ముందే కదిలింది. దాని తర్వాతది ఎక్కితే అయిదులోపు అనంతపురంలో ఫారం పంపడం కుదరదు. ఇక ఆ గది తప్ప గతి లేదు. బాలప్ప చెమటలు తుడుచుకుంటూ తెరకు అతుక్కుపోయాడు. జాకబ్ గడప మీద కూర్చుని గోడ గడియారాన్నే చూస్తున్నాడు. సారా కంప్యూటర్ వైపు కూడా చూడ్డం మానేసి, కవరులోని కాగితాలను తీసి, మళ్ళీ వరుసగా పెట్టుకుంటూ కూర్చుంది.

నాలుగు యాభైకి మూడు సర్టిఫికెట్లూ ఎక్కాయి. మిగిలింది ఆదాయం సర్టిఫికెట్ ఒక్కటే. అది ఎక్కుతూ ఉంది, ఎక్కుతూ ఉంది, ముప్పాతిక దాకా వచ్చింది. అయిదు కొట్టింది. దరఖాస్తుల గడువు ముగిసింది అన్న మాట మాత్రం చిటికెలో వచ్చి పడింది. దానికి ఏ లోడూ అడ్డం రాలేదు.

సారా ఏడవలేదు. కాగితాలు కవరులో పెట్టుకుని లేచింది. జాకబ్ కండువా దులుపుకున్నాడు. "నీ తప్పేముండాదిలేన్నా, నువ్వు మంచికే పిలిస్తివి" అన్నాడు. ఆ మాట బదులు చెప్పు తీసుకుని కొట్టినా బాలప్పకు అంత నొప్పి ఉండేది కాదు.

సోమవారం పొద్దున్నే అనంతపురం బస్సెక్కి మెరుపు ఆఫీసుకు పోయాడు. టై సారు చల్లటి గదిలో ఉన్నాడు. బాలప్ప అంతా చెబుతుంటే మధ్యలోనే అరలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ సంతకమే కదండీ? వేగం బాగుందని మీరే రాసిచ్చారు."

"ఆపొద్దు బాగుండె సార్. తెల్లారేసరికి యాడికి పోయింది అది?"

"రెండు ఎంబీపీఎస్ వరకు అన్నాం గానీ, ఎప్పుడూ రెండే ఇస్తామని చెప్పలేదే. కింద రాసే ఉంది, చూడండి."

చూశాడు. చీమ తలకాయంత అక్షరాలు. మైకులో అరిచేటప్పుడు ఈ 'వరకు' ఎవరి గొంతులో ఇరుక్కుందో! సిగ్గూ శరం లేని జాతి. ఒక పిల్ల బతుకు గురించి మాట్లాడుతుంటే కాగితం చూపించి నవ్వుతాడు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆంజనేయులు ఎదురుపడ్డాడు. తల దించుకుని పక్కకు తప్పుకోబోయాడు గాని, బాలప్ప చెయ్యి పట్టుకుని ఆపాడు. "నిజం చెప్పప్పా. నేను ఉగ్గాని పెట్టిన చేతితోనే అడుగుతాండా."

ఆంజనేయులు అటూ ఇటూ చూశాడు. "శుక్రవారం ఊరంతా ఆపేసి నీకొక్కనికే ఇడిసినామన్నా. నువ్వు సంతకం పెట్టినంక మళ్ళా అందరికీ ఇడిసినాం. సారు చెప్పినట్ల చేసినా. మా దగ్గర ఉండేదే కొంచెమన్నా, దాన్నే డెబ్బై ఇండ్లకు పంచల్ల."

"థూ!" బాలప్ప ఆ గేటు ముందే ఉమ్మేశాడు. "మూట అడుగున తాలుకాయ పెట్టేటోణ్ణి నేను దొంగ అనేవాణ్ణి. వానికి దండం పెట్టల్ల రా. వాడు దొంగైనా మూటన్నా మోసుకొస్తాడు. మీరు డెబ్బై మందికి ఒకే మూట చూపిచ్చినారు గదరా!"

ఊరికి వచ్చి డాబా ఎక్కి, ఆ డబ్బాను పీకి కింద పడేశాడు. దాంతో కోపం తీరిందా అంటే, లేదు. ఎలా తీరుతుంది? కంపెనీ వాడు మోసం చేశాడు, సరే. కానీ బస్సెక్కబోయిన పిల్లను కిందికి దించింది కంపెనీ వాడు కాదు. రాత్రి అన్నం ముందు కూర్చుని ఈ మాటే హనుమంతమ్మతో అంటే, ఆవిడ చారు పోసింది.

మరునాడు కాలనీకి పోయాడు. సారా ఇంట్లో లేదు, చెనిక్కాయ చేలో కలుపుకు పోయిందని చెప్పారు. చేను గట్టు దాకా నడిచాడు. ఆడవాళ్ళ వరుసలో చివర, ఎండలో వంగి గడ్డి పీకుతున్న సారా ఆయనను చూసి నడుము ఎత్తింది. కలం పట్టాల్సిన వేళ్ళకు మట్టి.

ఆ పిల్లే మాట్లాడింది. "వచ్చే ఏడు మళ్ళా ఫారాలిస్తారంట పెద్నాయనా. ఈతూరి ముందురోజే అనంతపురం పోతా."

గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆకలైతే అన్నం తింటా అన్నట్టు, అంత మామూలుగా అంది.

"పో బిడ్డా" అన్నాడు బాలప్ప. "ముందురోజే పో. దోవలో ఎవరు పిలిచినా దిగొద్దు. నేను పిలిచినా దిగొద్దు."